సొరబుర్ర గోళ్ళు

మొన్న మా మనవరాలు వంటింటి గట్టు మీద కూర్చుని గోళ్ళ మీద పుర్రెలు వేసుకుంది.

వాళ్ళ కాలేజీలో దెయ్యాల పండగట. హాలోవీన్ అంటారట. అంగడిలో వేయించుకుంటే చాలా తీసుకుంటారని, ఇంట్లోనే చేసుకుంటానని రంగు సీసాలు తెచ్చుకుంది. ఆ ఒక్క మాట మటుకు నాకు నచ్చింది. నలుపు, తెలుపు, గుమ్మడిపండు రంగు. పక్కన చర్మానికి అంటకుండా గోరు చుట్టూ జిగురు కాగితం అంటించుకుంది. ముందు నలుపు పూసింది. ఆరేదాకా చేతులు గాలిలో ఆడించింది. తర్వాత పళ్ళు కుట్టుకునే పుల్లను తెల్లరంగులో ముంచి రెండు చుక్కలు పెట్టింది, అవి కళ్ళు. కింద గీతలు పళ్ళు. ఇంకో గోటి మీద సూదిమొనతో సాలెగూడు లాగింది. ఫోనులో ఎవరో అమ్మాయి చేస్తుంటే చూడటం, ఆపడం, మళ్ళీ చూడటం. ఇల్లంతా ఆ రంగు వాసన. మజ్జిగన్నంలో కూడా అదే వాసన.

"ఎట్లుండాది అవ్వా?" అని చెయ్యి చాపింది.

"పుర్రెకు పళ్ళు అంత వరసగా ఉంటాయా?" అన్నాను.

"నువ్వు పుర్రెను చూసినావా?"

"పుర్రెలు వేసేదాన్ని చూసినాను."

ఆ పిల్ల నవ్వి మళ్ళీ ఫోను చూసుకుంది. ఇంకేమీ అడగలేదు. అడగలేదు కాబట్టి రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. రాత ఎట్లా ఉన్నా సంగతి మటుకు ఇది.

ఆ పుర్రెలు వేసే ఆమెది తిరుత్తణి తాలూకాలో మా అత్తగారి ఊరే. కే.జీ.కండిగై సంతకు నడిచి పోయి నడిచి వచ్చేంత దూరం. మా వీధి చివరి ఇల్లు. మొగుడు పోయి ఎన్నేళ్ళయిందో నేనెప్పుడూ అడగలేదు. పిల్లలు లేరు. ఆమె పేరు కూడా ఇక్కడ రాయను. ఊళ్ళో ఆ పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. పిల్లలు గోళ్ళవ్వ అనేవాళ్ళు. నేను వరసకు అత్తా అనేదాన్ని.

నేను కొత్తకోడలిగా వచ్చిన రోజు వాకిట్లో ఆమె లేదు. మంచి జరిగే చోట ముందుకు రాకూడదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. మర్నాడు పెరటి గుమ్మం దగ్గరికి వచ్చింది. అంతకుముందు రోజు వచ్చిన ఆడవాళ్ళందరూ నా మొగం చూశారు, మెడలో ఏముందో చూశారు. ఈమె నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి తిప్పి చూసింది.

"కొరుక్కుంటాది," అంది మా అత్తతో, నా ముందరే. "ఈ పిల్ల బయపడతా ఉండాది. కొన్నాళ్ళు పని తక్కువ చెప్పు."

"ఇంట్లో పని తక్కువ ఉంటే కదా తక్కువ చెప్పేకి," అంది మా అత్త.

గోళ్ళు కొరకడం నేను ఆరోజుతో మానేశాను. మనసులో ఉన్నదాన్ని వేలికొసల మీద పెట్టుకుని తిరగడం నాకు నచ్చలేదు.

ఆమె ఎవరితో మాట్లాడినా మొగం చూసి మాట్లాడేది కాదు, చేతులు చూసి మాట్లాడేది. పాలు పోసే ఆయనతో, "నీ గోళ్ళు శానా తెల్లగా ఉండాయే నాయినా, ఎప్పుడూ నీళ్ళల్లోనే నానతా ఉంటాయా ఏమి?" అనేది. ఆయన నవ్వి ఇంకొంచెం పోసి పోయేవాడు. బాలింతలొస్తే గోటి మీద నొక్కి, ఎరుపు తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసి, మునగాకు తినమనేది. తన గోళ్ళు మటుకు బావి దగ్గర బండకు రాసి రాసి వేలి చర్మం దాకా అరగదీసుకునేది. మనిషి సన్నం. చేతులు మటుకు మగవాళ్ళ చేతులంత ఉండేవి. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, వీధిలో ఆడవాళ్ళం గోరింటాకు రుబ్బేటప్పుడు ఆకు దూసి ఇచ్చేది కాని రోలు దగ్గరికి వచ్చేది కాదు. రుబ్బితే చెయ్యి పండుతుంది.

ఊరికి ఆమె చెయ్యి ఏడాదికి ఒక్క పనికే కావలసి వచ్చేది. అది మయానకొళ్ళై, అంటే శ్మశానం దోపిడి జాతర.

మా పక్క శివరాత్రి వెళ్ళిన అమావాస్యకు అంగాళమ్మ శ్మశానానికి బయలుదేరుతుంది. అమ్మవారి వేషం కట్టినవాళ్ళు డప్పులతో పట్టపగలు ఊళ్ళోనుంచి ఆడుకుంటూ పోతారు. ఆ ఏడు పండిన కాయా గింజా అక్కడ రాశి పోసి, మీదికి విసిరి, కింద పడినదాన్ని జనం ఎగబడి ఏరుకుంటారు. ఆ ఏరుకున్నదాన్ని విత్తనాల్లో కలుపుకుంటే పంట నిలుస్తుందని నమ్మకం. మా ఊళ్ళో ఆ వేషం మా ఇంటిది. మా మామ కట్టేవాడు. ఆయన మోకాళ్ళు పోయాక మా ఇంటాయన కట్టాడు. చేతికి కాప్పు, అంటే వ్రతం దారం, కట్టుకున్న నాటినుంచి పెళ్ళాం ఆయన్ను ముట్టుకోకూడదు. ముత్తైదువ ఎవరూ ముట్టుకోకూడదు. అందుకని వేషానికి గోళ్ళు పెట్టే పని ఆమెకు వచ్చింది. పెండ్లికి పనికిరాని చెయ్యి అమ్మవారికి పనికొచ్చింది. దీని గురించి ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

ఆమె పని చేసే తీరులో నాకు నచ్చింది ఏమిటంటే, దేనికీ అంగడికి పోయేది కాదు. పందిరి మీద సొరతీగలో ఒక కాయను ముదరనిచ్చేది. కూరకు ఎవరైనా అడిగితే, "అది కూరకాయ కాదు, అమ్మోరి చెయ్యి," అని పంపేసేది. కాయ ఎండి బుర్ర అయ్యాక మెడ భాగం కోసి గోళ్ళు చెక్కేది. సొరబుర్ర మెడకు వంపు దానంతట అదే ఉంటుంది, బరువు ఉండదు. చింతగింజలు నానబెట్టి రుబ్బి ఉడికించిన బంకతో అంటించేది. నలుపుకు దీపం మసి, తుమ్మ బంక. తెలుపుకు సున్నం. ఎరుపుకు పసుపులో సున్నం. కుంచె అంటే చీపురుపుల్ల, కొస నమిలి మెత్తగా చేసుకునేది.

ఒక్కో గోటి మీద ఒక్కోటి వేసేది. బొటనవేలికి పుర్రె. చూపుడువేలికి తేలు. తర్వాత కాలుతున్న చితి, నోరు తెరిచిన కుక్క, రెప్పలేని కన్ను. పుర్రె వేసేటప్పుడు పళ్ళు వరసగా గీసి, తర్వాత నల్లరంగుతో ఒకటి రెండు తీసేసేది.

"చచ్చినోడికి పళ్ళన్నీ ఉంటాయా?" అనేది. "అన్నీ ఉంటే నగతా ఉన్నట్లుంటాది. బయం రాదు."

"అత్తా, అంత జనంలో గోళ్ళ మీద బొమ్మలు ఎవరు చూస్తారు?" అని ఒకసారి అడిగాను. నాకు అది ఊరికే శ్రమ అనిపించింది.

"దూరంగా ఉండేవాళ్ళకు మొగం చాలు కోడలా. విబూది పెట్టించుకునేకి దగ్గరికొస్తారే, వాళ్ళకు గోళ్ళు ఉండాల."

గోళ్ళు అంటిస్తున్నంతసేపూ మా ఇంటాయన్ను చిన్నపిల్లవాణ్ణి తిట్టినట్టు తిట్టేది. "ఒరే, ఊపిరి పట్టుకో. నీ గాలికి మసి చెదరతా ఉండాది." "ఒరే, చెయ్యి ఆడించొద్దు, చితికి పోవాల్సిన కుక్క తేలు మీద ఎక్కింది." చివరి గోరు ఆరగానే రెండడుగులు వెనక్కి జరిగి దండం పెట్టేది. "తల్లీ, లెయ్యి," అనేది. అక్కడినుంచి ఒరే లేదు.

ఎడమచేతి చిటికెనవేలికి మటుకు ఆమె గోరు పెట్టేది కాదు. రంగు కూడా తాకించేది కాదు. మా మామ కాలంనుంచీ అంతే. ఎందుకని అడిగిన పెద్దవాళ్ళకు, "కంట్లో నలుసు పడితే తీసుకునేకి ఒక వేలుండాల కదా," అనేది. మర్నాడు వేషం విప్పేటప్పుడు ముందు ఆ వేలికి నీళ్ళు పోసి, "ఒరే, రా," అని పిలిచేది. తర్వాతే మిగతా వేళ్ళు నానబెట్టేది.

పని అయ్యాక తన చేతులు చింతపండు, బూడిద వేసి తోముకునేది. ఒక్క మచ్చ ఉండనిచ్చేది కాదు. రంగు మిగిలిన చేతులతో ఆమెను నేను చూసింది ఒక్కసారే. దాని సంగతి రాయడానికే ఇదంతా.

అప్పటికి మా పాప ఒకటో తరగతి. అంతకుముందు ఏళ్ళు వేషం వస్తుంటే నా భుజంలో మొగం దాచుకునేది. ఆ ఏడు తానే నడిచి పోయి విబూది పెట్టించుకుంటానంది. సొరబుర్ర చెక్కినప్పటినుంచీ ఆమె దగ్గరే కూర్చుని అన్నీ చూసింది కదా. అయినా లోపల బెదురు ఉంది. అది ఆమె కనిపెట్టింది. గోళ్ళు చూసే కనిపెట్టి ఉంటుంది.

"నాయిన ఆ దినం యాడుంటాడవ్వా?" అని పాప అడిగింది.

"ఆడనే ఉంటాడు. మొగం చూడొద్దు, మొగం అమ్మోరిది. ఎడమచేతి చిటికినేలు చూడు. దాన్ని నేను ముట్టుకోను. అది నీ నాయినది."

పాప ఆ మాట పట్టుకుంది.

ఆ ఏడు మింజూరు నుంచి మా ఆడబిడ్డ మొగుడు పండక్కి వచ్చి ఉన్నాడు. హాస్యగాడు. గోళ్ళు పెట్టించుకుని, కిరీటం కట్టేవాళ్ళ కోసం మా ఇంటాయన పందిట్లో కూర్చుని ఉంటే ఈయన చూసి, "ఏం బావా, అమ్మోరికి పదో గోరు ఎలుక కొరికిందా?" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారట. మా ఇంటాయన పక్కనున్న మసి, బంక కలిపిన రంగు తీసి తన వేలికి తానే రాసుకున్నాడట. ఇదంతా తర్వాత తెలిసింది.

డప్పులు మా వీధికి వచ్చినప్పుడు పాప నా చెయ్యి విడిపించుకుని జనంలో దూరిపోయింది. వేషం ముందు నిలబడింది. కుడిచెయ్యి విబూది పెడుతుంటే, పాప ఎడమచెయ్యి పట్టుకుంది. మొగం దగ్గరికి తెచ్చుకుని చిటికెనవేలు చూసింది. తిప్పి చూసింది. మళ్ళీ చూసింది. అరవలేదు, ఏడవలేదు. చెయ్యి వదిలేసి నా దగ్గరికి వచ్చింది.

"నాయిన లేడు," అంది.

మర్నాడు మా ఇంటాయన తలకు పోసుకుని, గడ్డం గీయించుకుని ఇంటికి వస్తే తలుపు వెనకనుంచి చూసి నాతో గుసగుసగా, "అమ్మోరు నాయిన మాదిరి వచ్చింది మా. నువ్వు దగ్గరికి పోవద్దు," అంది.

నవ్వుకున్నాం. రెండు రోజులకు నవ్వు పోయింది. ఆయన తాకిన చెంబుతో పాప నీళ్ళు తాగదు. ఆయన తిన్నెమీద ఉంటే లోపల అన్నం ముట్టదు. తాను బడికి పోతే ఆ వచ్చింది నన్ను తినేస్తుందని బడి మానేసింది. ఆయన సంతనుంచి మిఠాయి పొట్లం తెచ్చి గడపలో పెట్టి దూరంగా పోయి నిలబడితే, పాప కట్టెపుల్లతో ఆ పొట్లాన్ని తోసుకుంటూ పోయి కాలవలో పడేసింది. ఆయన చూస్తూనే ఉన్నాడు. ఆ రోజునుంచి పొలంలో మోటరుకొట్టంలోనే ఉండిపోయాడు. అన్నం నేనే పట్టుకుపోయేదాన్ని. తినేవాడు కాదు, కలిపేవాడు.

తాయెత్తు కట్టించాం. తిరుత్తణి కొండకు తీసుకుపోయి విబూది పెట్టించాం. పాపకు ఒళ్ళు కాలేది, తగ్గేది, మళ్ళీ కాలేది. "ఆడపిల్ల తండ్రిని చూసి ఇట్ల దడుచుకుంటే రేపెట్ల?" అని మా అత్త గొణిగేది. నాకూ అదే భయం. ఇది జ్వరం కాదు, తగ్గిపోవడానికి.

ఇదంతా జరిగేటప్పుడు ఆమె ఊళ్ళో లేదు. పండగ నాటి రాత్రే, వేషం విప్పేలోపలే, ఆత్తిపట్టులో ఉన్న చెల్లెలి ఇంటికి పోవలసి వచ్చింది. తిరిగొచ్చి ఎవరి దగ్గర విన్నదో, నేను అన్నం తీసుకుని మోటరుకొట్టానికి పోయేసరికి అక్కడ నిలబడి ఉంది. మా ఇంటాయన చెయ్యి పట్టుకుని చూస్తోంది.

"ఈ గోరు ఎవురు నలుపు చేసినారు?"

ఆయన తల వంచుకున్నాడు.

"నువ్వేనా?"

"బావ నగినాడు," అన్నాడు చివరికి.

"ఆయప్ప నగి మింజూరికి పోయినాడు. నువ్వు యాడికి పోయినావు?"

ఆమె నా వైపు తిరిగింది. "కోడలా, రేపు పొద్దున పిల్లను నా దగ్గరికి పంపు. నా చేతులకు గోళ్ళు పెట్టమంటాను."

"మీ చేతులకా అత్తా?"

"నీ చేతులకు పెడితే వంట ఎవురు చేస్తారు?"

మర్నాడు నేనే తీసుకుపోయాను. ఆమె అన్నీ సిద్ధంగా పెట్టుకుంది. మిగిలిన సొరబుర్ర ముక్కలు, బంక, మసి, సున్నం. పసుపు కూడా ఉంది. పాప మొదట దగ్గరికి రాలేదు. ఆమె పిలవలేదు. తానే ఒక గోరు తీసుకుని వంకరగా అంటించుకుంది. బంక కారింది. పాపకు ఆ వంకర చూసి ఊరుకోవడం చేత కాలేదు. వచ్చి కూర్చుంది.

చాలాసేపు వేసింది. ఆమె చెప్పలేదు, పాపే అన్నీ చేసింది. తేలు చీమలాగా వచ్చింది. కుక్క ఏమి జంతువో తెలియలేదు. పుర్రె మటుకు బాగా కుదిరింది. పళ్ళు గీసి, తల పక్కకు పెట్టి చూసి, మసితో రెండు తీసేసింది. తర్వాత పసుపులో సున్నం కలిపి ఎరుపు చేస్తుంటే నేను ఉండబట్టలేక, "అత్తా, ఎర్రది వద్దు. నల్లది చాలు," అన్నాను. మొగుడు లేని మనిషి చేతికి ఎరుపు. ఊరు ఏమంటుందో ఆమెకు నాకంటే బాగా తెలుసు.

"అమ్మోరికి ఎర్ర లేకుండా ఎట్ల? పిల్ల నమ్మదు. నువ్వు ఇంటికి పో," అంది.

నేను పోలేదు, గుమ్మంలో నిలబడ్డాను. పాప ఎడమచేతి చిటికెనవేలి దగ్గర ఆగింది.

"ఇది?"

"అదీ వెయ్యి. మీ నాయిన వేసుకున్నాడు కదా."

పాప దానికీ గోరు అంటించింది, నల్లగా పూసింది. వెంటనే లేచి గోడదాకా పోయి నిలబడి ఆమె మొగంలోకి చూసింది. ఏదో జరుగుతుందని చూసింది. ఆమె లేచి, కోక దులుపుకుని, కడవ తీసుకుని నీళ్ళకు బయలుదేరింది.

ఆ రోజంతా ఆమె ఆ చేతులతోనే తిరిగింది. పాప వేపమండ ఒకటి విరుచుకుని, కొంచెం దూరంలో వెంట తిరిగింది. నేను వంట, గొడ్లు వదిలి వాళ్ళ వెనక తిరిగాను. బావి దగ్గర ఆడవాళ్ళు మాటలు ఆపేశారు. పెద్దింటి ముసలామె నోరు ఊరుకోదు.

"ఏమమ్మా, ముసిలితనంలో సోకా?"

"సోకే," అంది ఆమె. "నీకూ పెట్టేదా? పుర్రె కావాలా, కుక్క కావాలా?"

"ఎర్ర గూడా పెట్టినావే. సిగ్గు లేదూ?"

"సిగ్గుకు రంగు దొరకలేదు," అని కడవ దించింది. ఆ గోళ్ళతో చేంతాడు పట్టు చిక్కలేదు. జారి సగం నీళ్ళు కాళ్ళ మీద పోసుకుంది. చెప్పరాని తిట్టు ఒకటి తిట్టింది. వెనకాల పాప వేపమండ కొంచెం కిందికి దించింది.

దారిలో పాప అడిగింది. "నిన్న నేనేం తిన్నాను?"

"నాకేం తెలుసు? మీయమ్మనడుగు."

పాప ఆలోచించింది. అమ్మవారైతే తెలిసి ఉండాలి కదా.

ఇంటికి పోయాక ఆమె తిన్నెమీద కూర్చుని చేట ముందు పెట్టుకుంది. మయానకొళ్ళైలో ఏరిన వేరుశనక్కాయలు, విత్తనాల్లో కలపడానికి వొలవాలి. ఒక కాయ తీసుకుంది. గోళ్ళ మధ్య జారింది. ఇంకోటి తీసుకుంది. అదీ జారి కిందపడి దొర్లింది. అరచేతుల మధ్య పెట్టి నొక్కితే చితి బొమ్మ చెదిరింది కాని కాయ పగలలేదు. పళ్ళతో కొరకబోయింది, ఉన్న పళ్ళు దానికి చాలలేదు. అదంతా పిల్ల కోసం చేసిందేమో అని నేను మొదట అనుకున్నాను. కాదు. నిజంగానే చేతకాలేదు. నుదురంతా చెమట పట్టింది.

"పాపా, రా మే. ఒకటి వొలిచిపెట్టు."

పాప వేపమండ కింద పెట్టింది. వచ్చి ఒక కాయ వొలిచి గింజలు ఇవ్వబోయింది. పట్టుకోవడం కూడా రాలేదు, గోళ్ళ సందులోనుంచి రాలిపోయాయి. అప్పుడు ఇంకో కాయ వొలిచి నోట్లో పెట్టింది. ఆమె నమిలింది.

"అమ్మోరికి చెనక్కాయ వొలిచేకి రాదా?" అంది పాప.

"యాడొస్తాది? చేతులు చూడు. తల్లికి ఎవురన్నా తినిపిస్తేనే."

పాప ఇంకొన్ని వొలిచింది. మొదట నవ్వింది. తర్వాత నాయినకూ ఇట్లే అయి ఉంటుందని తోచిందేమో. గింజలు గౌను జేబులో వేసుకుని లేచింది. ఆమె నన్ను చూసి తల ఊపింది. నేను వెనకాల పోయాను.

మోటరుకొట్టం దగ్గర మా ఇంటాయన కాలవకు మడవ కడుతున్నాడు. పాప గట్టుమీద దూరంగా నిలబడి కేకేసింది.

"ఆ దినం నీకు చెనక్కాయ వొలిచేకి వచ్చిందా?"

ఆయనకు ఏమీ అర్థం కాలేదు. పార చేతిలోనే ఉంది. అబద్ధం చెప్పడం ఆయనకు ఎప్పుడూ చేతకాదు, ఆ రోజు అదే మంచిదయింది.

"రాలేదు పాపా. దప్పికయితే చెంబు పట్టుకునేకే కాలేదు. ఎవురో నోట్లో పోసినారు."

"ఏడ్చినావా?"

"ముక్కు దురద పెట్టింది. గోక్కునేకి వేలు లేదు. అప్పుడు ఏడుపొచ్చింది."

పాప గట్టు దిగింది. ఆయన ముందుకు పోయి జేబులో చెయ్యి పెట్టి, గింజలు తీసి, "నోరు తెరువు," అంది. ఆయన బురదలో మోకాళ్ళమీద కూర్చుని నోరు తెరిచాడు. నేను ఇంటికి వచ్చేశాను. పొయ్యిమీద ఏమీ లేదు.

ఆమె ఆ సాయంత్రం చింతపండుతో చేతులు తోముకుంది. మసి పోయింది. పసుపు ఎరుపు మటుకు వేలి గీతల్లో కొన్నాళ్ళు నిలిచింది. అదే నెలలో మా వీధిలో ఒక పెండ్లి. ఎప్పుడూ పెరట్లో కూర్చుని కూరలు తరగడానికైనా పిలిచేవాళ్ళు, ఈసారి రావద్దని కబురు చేశారు. నేను పోయి చెబితే, "వాళ్ళ ముద్దపప్పుకు నా ఎర్ర అంటుకుంటాదని బయం," అంది. చెయ్యి కొంగులో దాచుకోలేదు, చూపించలేదు. చేటలో రాళ్ళు ఏరుతూనే ఉంది. మరుసటి మయానకొళ్ళైకి మళ్ళీ పిలిచారు. పోయింది.

ఆ ఏడు మా ఆడబిడ్డ మొగుడు మళ్ళీ వచ్చాడు. "ఏం బావా, ఎలుక ఇంకా ఉండాదా?" అన్నాడు. మా ఇంటాయన బోసి వేలు చూపించి, "ఎలుక కాదు బావా, నా కూతురు కొరికింది," అన్నాడు. ఆయన జీవితంలో అంత గట్టిగా జవాబు చెప్పడం నేను విన్నది అదొక్కసారే.

తర్వాత పాప చదువు కోసం తిరువళ్ళూరు వచ్చేశాం. ఆమె పోయిన సంగతి బస్టాండులో కలిసిన మా వీధి మనిషి చెప్పింది. అప్పటికే అంతా అయిపోయింది.

"పందిరి మీద కాయ ఉండిందా?" అని అడిగాను.

"ఉండింది. దినాలకు కోసి కూర చేసినాం. ముదిరిపోయింది, ఎంతసేపున్నా ఉడకలేదు. పారబోసినాం," అంది.

నేను బస్సెక్కాను.

పాప ఆమె సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. అంత చిన్నప్పటిది, మరిచిపోయిందనుకున్నాను. మొన్న ఆఫీసునుంచి వచ్చి, సంచి కింద పెట్టి, కూతురు చేతులు చూసింది. తొమ్మిది గోళ్ళు అయ్యాయి. పుర్రెలు, గబ్బిలాలు, సాలెగూళ్ళు. మనవరాలు చిటికెనవేలి కోసం నలుపు సీసా తీసింది.

"అది వదిలెయ్యి," అంది పాప.

"ఎందుకు మా? ఒక్క వేలు బోసిగా వదిలితే అసింగంగా ఉంటాది."

"కంట్లో నలుసు పడితే?"

మనవరాలు నా వైపు చూసింది, ఈమెకేమయిందన్నట్టు. నేను వేరుశనక్కాయల పొట్లం విప్పుతున్నాను. పాప వచ్చి పక్కన కూర్చుంది. మనవరాలికి రంగు ఆరలేదు, దేన్నీ ముట్టుకోకుండా చేతులు రెండూ గాలిలో పట్టుకుని కూర్చుంది. పాప ఒక కాయ వొలిచి ఆ పిల్ల నోట్లో పెట్టింది. ఇంకోటి వొలిచింది.

నేను ఆ నలుపు సీసా తీసుకుని మూత బిగించాను. ఇంకా సగానికి పైనే ఉంది.